రొయ్యల గుంటల జనరేటర్‌కు అణు కేంద్రం పద్ధతి: పని డైరీ

నెల్లూరు జిల్లా మైపాడు వైపు మా మేనమామకు నాలుగు రొయ్యల గుంటలున్నాయి. ఒక్కోటి రెండున్నర ఎకరాలు. గుంటకు ఆరు చొప్పున 24 ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు), అన్నీ 2 హెచ్‌పీవే. కరెంటు పోతే వీటన్నిటికీ ఒకే ఒక 62.5 కేవీఏ జనరేటర్ దిక్కు. నేను కొన్నేళ్లు ఒక అణు విద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టు కింద డీజిల్ జనరేటర్ల మెయింటెనెన్స్ చేశాను. ఆపదలో వాడే యంత్రాన్ని ఆపదలో ఉండే లోడు మీదే పరీక్షించాలని, కంటపడిన చిన్న లోపాన్ని కూడా రాసి పైకి పంపాలని అక్కడ నేర్పారు. ఆ రెండిటినీ గుంటల దగ్గర అమలు చేస్తూ రాసుకున్న డైరీ ఇది. మన జిల్లాలో ఏరేటర్ల మీద బతికే వాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే కొలతలతో సహా పెడుతున్నాను.

రియాక్టర్‌కీ గుంటకీ పోలిక ఎక్కడుందంటే, రియాక్టర్‌ను ఆపేసినా అందులో వేడి పుట్టడం ఆగదు. ఆపిన క్షణంలో పూర్తి సామర్థ్యంలో 6 నుంచి 7 శాతం వేడి ఇంకా వస్తూనే ఉంటుంది. ఒక రోజు గడిచాక కూడా అర శాతం దగ్గర ఉంటుంది. కాబట్టి బయటి కరెంటు పోయినా చల్లబరిచే పంపులు తిరగాల్సిందే. గుంటలోనూ మేత ఆపగలం గానీ రొయ్య ఊపిరి ఆపలేం.

దశ 1: ముందు కొలతలు

జనరేటర్ జోలికి పోకముందు గుంటను కొలిచాం. పంట అరవై రోజుల వయసులో ఉన్నప్పుడు, తెల్లవారుజామున నాలుగింటికి ఒక గుంటలో ఏరేటర్లు కావాలనే ఆపి, అడుగుకు దగ్గరగా డీవో మీటరు దించాం. డీవో అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, లీటరుకు మిల్లీగ్రాముల్లో.

- ఆపినప్పుడు: 4.6
- 15 నిమిషాలకు: 4.2
- 30 నిమిషాలకు: 3.9 (వెంటనే మళ్లీ ఆన్ చేశాం)

గంటకు 1.4 లెక్కన పడిపోతోంది. 3 కిందికి పోనివ్వకూడదనుకుంటే మనకున్న టైము గంటా పది నిమిషాల లోపే. మబ్బు పట్టిన రోజున తెల్లారేసరికి మొదలే 3.8 ఉంటుంది. అప్పుడు అరగంటకు కాస్త ఎక్కువ, అంతే.

తర్వాత కరెంటు పోయిన క్షణం నుంచి ఆఖరి ఏరేటర్ తిరిగేదాకా ఎంత పడుతుందో చూశాం. 11 నిమిషాలు. ఇంజన్ లేవడానికి పట్టింది అందులో ఒక నిమిషం కూడా లేదు. మిగతాదంతా షెడ్డు తాళం వెతకడం, టార్చి వెతకడం, గట్ల మీద నడుచుకుంటూ స్టార్టర్లు నొక్కడం, ఒకసారి ఇంజన్ కూర్చుంటే మళ్లీ మొదలుపెట్టడం.

ఆఖరున లోడు. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్లో మోటారుకు 3.2 ఆంపియర్లు వచ్చాయి, 24 మోటార్లకు 77. జనరేటర్ పూర్తి కరెంటు 87. తిరుగుతున్నంతసేపూ సరిపోతుంది. కానీ లేచేటప్పుడు మోటారు సుమారు ఆరు రెట్లు లాగుతుంది. అన్నీ ఒకేసారి లేస్తే 460 ఆంపియర్లు. ఇంజన్ ఎందుకు కూర్చుంటోందో ఈ లెక్కలోనే ఉంది.

ఖర్చు ఇప్పటిదాకా: 0. మీటర్లు ఉన్నవీ అరువు తెచ్చినవీ.

దశ 2: సెల్ఫ్ నీరసం

రెండుసార్లు కొడితే గానీ ఇంజన్ అందుకోవడం లేదు. బ్యాటరీ మార్చేయమని చూసినవాళ్లంతా చెప్పారు. మార్చేముందు సెల్ఫ్ కొడుతుండగా రెండు చోట్ల వోల్టేజీ చూశాం.

1. బ్యాటరీ పోస్టుల మీద: 9.9
2. సెల్ఫ్ మోటారు బోల్టు దగ్గర: 7.4

మధ్యలో రెండున్నర వోల్టులు పోతున్నాయి. బ్యాటరీ బాగానే ఉంది, దారే పాడైంది. కేబుల్ కొసలకు బిగించే లగ్గుల్లో ఉప్పుగాలికి పచ్చటి తుప్పు చేరింది. కేబుల్ తొడుగు కోసి చూస్తే లోపల రాగి పోగులు నల్లబడి పొడిగా రాలుతున్నాయి. కేబుళ్లు, లగ్గులు కొత్తవి వేసి గ్రీజు పూశాం. ఇప్పుడు సెల్ఫ్ దగ్గర 9.4. ఇంజన్ ఒక్కసారికే అందుకుంటోంది.

సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు ఈ రెండు చోట్ల కొలత తీయకుండా బ్యాటరీ కొనొద్దు.

ఖర్చు: 1,150. మొత్తం: 1,150.

దశ 3: లోడు మీద గంట

అప్పటిదాకా వారానికోసారి ఇంజన్‌ను ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పి ఆపేవాళ్లు. స్టార్ట్ అయింది కదా, చాలు అనుకునేవాళ్లు. అమెరికా అణు కేంద్రాల నిబంధనల్లో ఎమర్జెన్సీ డీజిల్‌ను నెలకోసారి కనీసం గంటసేపు, 90 నుంచి 100 శాతం లోడు మీద నడపాలని ఉంటుంది. మేమూ 24 ఏరేటర్లూ వేసి గంట పెట్టుకున్నాం.

ఇరవై నిమిషాలకే ఫ్రీక్వెన్సీ (ఇంజన్ వేగాన్ని బట్టి ఉండే అంకె) 50 నుంచి 46.8కి పడింది. ఇంజన్ ఊగుతోంది. పాతిక నిమిషాలకు ఆపేశాం.

కారణం ట్యాంకు అడుగున దొరికింది. డ్రెయిన్ తిప్పితే 1.4 లీటర్ల నీళ్లు, కింద నల్లటి మడ్డి వచ్చాయి. ఫిల్టర్ సగానికి పైగా మూసుకుపోయింది. మా ఇంజన్ ఖాళీగా తిరిగితే గంటకు 3 లీటర్ల డీజిల్ తాగుతుంది, పూర్తి లోడు మీద 13 లీటర్లు. మూడు లీటర్లు పోయేంత దారి ఆ ఫిల్టర్లో మిగిలే ఉంది కాబట్టి వారం వారం పరీక్ష పాసవుతూనే వచ్చింది. పంట మీద నిజంగా అవసరపడిన రాత్రి మాత్రం ఇరవై నిమిషాలకు ఆగిపోయేది. నన్ను అన్నిటికంటే భయపెట్టిన కొలత ఇదే. ఎప్పుడూ ఖాళీగా తిప్పితే కాలని డీజిల్ మసి కూడా పొగగొట్టంలో పేరుకుంటుంది. అదీ కనిపించింది.

ట్యాంకు దించి కడిగాం. ఫిల్టర్లు మార్చాం. నీళ్లు కనిపించేలా గాజు గిన్నె ఉన్న సెపరేటర్ పెట్టాం. మళ్లీ గంట నడిపితే ఫ్రీక్వెన్సీ 49.4 కంటే కిందికి పోలేదు.

ఇప్పుడు నెలనెలా ఇలా చేస్తున్నాం:

1. డీవో బాగా ఉండే మధ్యాహ్నం పూటే పెట్టుకోవాలి. తెల్లవారుజామున వద్దు.
2. ముందు ట్యాంకు డ్రెయిన్ నుంచి గాజు సీసాలో పావు లీటరు పట్టి, వెలుతురుకు పెట్టి చూడాలి.
3. మెయిన్ స్విచ్ దించాలి. చెప్పకుండా దించితే ఇంకా మంచిది.
4. గంటసేపు పూర్తి లోడు. ప్రతి పది నిమిషాలకు ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ, ఆయిల్ ప్రెషర్, నీళ్ల వేడి రాయాలి.
5. ఆపేముందు ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పి చల్లారనివ్వాలి.

ఖర్చు: ఫిల్టర్లు, సెపరేటర్ 2,400, పరీక్షల డీజిల్ 2,520. మొత్తం: 6,070.

దశ 4: ఒకదాని తర్వాత ఒకటి

అణు కేంద్రంలో ఎమర్జెన్సీ డీజిల్ లేచాక పంపులన్నిటినీ ఒక్కసారిగా దాని మీద వేయరు. కొన్ని సెకన్ల తేడాతో వరుసగా వేస్తారు. ఇక్కడ టైమర్లతో అదే పని చేయించాం.

ముందు గుంటకొకటి చొప్పున నాలుగు టైమర్లు పెట్టాం, ఎనిమిది సెకన్ల తేడాతో. మూడు గుంటలు లేచాయి. నాలుగో గుంటలో ఆరు మోటార్లు ఒకేసారి లాగేసరికి 415 వోల్టులు 286కి పడి, కాంటాక్టర్లు (మోటారుకు కరెంటు కలిపే, తెంపే స్విచ్‌లు) టకటకా కొట్టుకున్నాయి. అలా కొట్టుకుంటే పాయింట్లు కాలిపోతాయి.

మూడేసి మోటార్ల చొప్పున ఎనిమిది గుంపులు చేసి, ఆరు సెకన్ల తేడా ఇచ్చాం. ఆఖరి గుంపు లేచేటప్పుడు కూడా వోల్టేజీ 350 కంటే కిందికి పోలేదు. షెడ్డు తాళంచెవి, టార్చి తలుపు పక్కనే మేకుకు తగిలించాం. కరెంటు పోయినప్పటి నుంచి ఆఖరి ఏరేటర్ దాకా ఇప్పుడు 2 నిమిషాల 40 సెకన్లు.

ఖర్చు: ఎనిమిది టైమర్లు, వైరింగు 7,100. మొత్తం: 13,170.

దశ 5: చీటీ, తాళం

మొదటి రిపోర్టు ఫారంలో తేదీ, పరికరం నంబరు, లోపం రకం, కారణం, సంతకం అన్నీ కలిపి పద్నాలుగు గళ్లు. నెలకు రెండే వచ్చాయి, రెండిట్లోనూ ‘కారణం’ గడి ఖాళీ. గుంటల దగ్గర ఉండే నలుగురు కుర్రాళ్లలో ఇద్దరిది ఒడిశా. వాళ్లకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు.

ఫారం తీసేసి మూడు ప్రశ్నలు మిగిల్చాం:

1. ఏం చూశావు?
2. ఎక్కడ?
3. అప్పటికి ఏం చేశావు?

రాయలేనివాళ్లు వాట్సాప్‌లో గొంతు పంపితే చాలు, నేను చీటీ రాసి నంబరు వేస్తాను. కారణం అడగం. అది వెతకాల్సింది చూసినవాడు కాదు, మేం. తర్వాతి నెలలో ఎనిమిది వచ్చాయి.

ఏరేటర్‌లో నాచు చుట్టుకుంటే కుర్రాడు గుంటలోకి దిగి తీస్తాడు. ఆ టైములో షెడ్డులో ఇంకొకరు స్విచ్ వేస్తే చేతులు పోతాయి. అందుకని ఎనిమిది గుంపులకూ తాళం వేసుకునే స్విచ్‌లు చూసుకున్నాం. దిగేవాడే తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని దిగాలి. స్విచ్‌కు తన పేరున్న కార్డు తగిలించాలి.

కార్డు ఎక్కడ వేలాడాలనేది చిన్న విషయంగా కనిపిస్తుంది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్‌లో ప్రమాదం మొదలైనప్పుడు, అత్యవసర నీటి సరఫరా వాల్వులు మూసి ఉన్నాయి. రెండు రోజుల ముందు జరిగిన పరీక్ష తర్వాత అవి అలాగే ఉండిపోయాయి. కంట్రోల్ రూములో ఆ సంగతి చెప్పే దీపాల్లో ఒకదాన్ని మెయింటెనెన్స్ ట్యాగు కప్పేసింది. మా బోర్డులోనూ కార్డు వేలాడితే కింది వరుస దీపాలు కనపడలేదు. కొక్కేలను దీపాలకు పక్కకు మార్చాం. పని ముగిశాక రెండో మనిషి వచ్చి స్విచ్ చూసి టిక్ పెట్టాలి, అప్పుడే చీటీ మూసేది.

ఖర్చు: తాళాలు, కార్డులు, బోర్డు 1,640. మొత్తం: 14,810. చీటీలు: 10.

దశ 6: ఏడో నంబరు చీటీ

గొంతు రూపంలో వచ్చింది: “అన్నా, రెండో గుంటలో ఏరేటర్ తాడు పట్టుకుంటే జిల్లుమంటా ఉండాది.”

ఆ గుంట మెయిన్ దించి, మోటార్లు ఒక్కొక్కటిగా విడదీసి 500 వోల్టుల మెగ్గర్ (కరెంటు బయటికి లీకవుతోందా అని చూసే మీటరు) పెట్టాం. ఐదు మోటార్లు 5 మెగాఓమ్‌లకు పైనే. ఒకటి 0.2. ఒక మెగాఓమ్ కంటే తక్కువ ఉన్నదాన్ని నీళ్లలో పెట్టకూడదని నా లెక్క. లోపం మోటారులో లేదు. నీళ్లకు జానెడు పైన టేపు చుట్టి వదిలేసిన కేబుల్ జాయింటులో ఉంది. అల కొట్టినప్పుడల్లా తడుస్తోంది.

మరి ఎర్త్ ఏం చేస్తోంది? ఎర్త్ గుంత కొలిస్తే 1.8 ఓమ్‌లు, ఉప్పు నేల కాబట్టి బాగా వచ్చింది. కానీ అక్కడి నుంచి గట్టు మీదికి వచ్చే జీఐ (జింకు పూత ఇనుము) పట్టీ మట్టిలోనే తుప్పు పట్టి తెగిపోయింది. పైకి రెండు కొసలూ కనపడుతున్నాయి, మధ్యలో పట్టీ లేదు. ఎర్త్ పరీక్ష అంటే గుంత దగ్గర మాత్రమే కొలిచి వెళ్లిపోతారు. మోటారు బాడీ నుంచి గుంత దాకా దారి ఉందో లేదో చూడాలి. దయచేసి ఇది చేయించండి, మనుషులు పోయేది ఇక్కడే.

మార్చినవి:

1. ఎర్త్‌కు పట్టీ బదులు తొడుగున్న రాగి వైరు, పైపులో.
2. గుంటల్లో జాయింట్లన్నీ తీసేసి, తప్పనిచోట రెసిన్ పోసిన కిట్లు.
3. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీలు (కరెంటు లీకైతే వెంటనే తెంపేసే స్విచ్‌లు).

ఆర్‌సీసీబీని మొదట గుంటకొకటి పెట్టి చూశాం. వాన పడ్డప్పుడు ఆరు మోటార్ల చిన్నచిన్న లీకేజీ అంతా కలిసి గుంట మొత్తం ట్రిప్ అయింది. అలా పదేపదే ట్రిప్ అయితే ఎవరో ఒకరు దాన్ని దాటించి వైరు వేస్తారు, అప్పుడు అది ఉన్నా లేనట్టే. టైమర్ గుంపుల ప్రకారం మూడు మోటార్లకొకటి పెట్టాం. ఇప్పుడు ట్రిప్ అయితే నిజంగా లోపం ఉన్నట్టే, పైగా సగం గుంట తిరుగుతూనే ఉంటుంది.

ఖర్చు: ఆర్‌సీసీబీలు 22,400, వైరు, కిట్లు 6,300. మొత్తం: 43,510.

దశ 7: పదకొండో చీటీ తర్వాత నిశ్శబ్దం

రాత్రి రేడియేటర్లో నీళ్లు తగ్గితే, దగ్గర్లో మంచినీళ్లు లేక గుంట నీళ్లు పోశానని ఒక కుర్రాడు తనంతట తానే చీటీ ఇచ్చాడు. మామ అది చదివి అందరి ముందూ అరిచాడు. “ఉప్పునీళ్లు పోస్తారంట్రా ఎవురన్నా?” అని, జీతంలో కోస్తానన్నాడు.

ముందు రేడియేటర్ సంగతి. నీళ్లలో కరిగిన ఉప్పులు చూపే టీడీఎస్ మీటర్లో 3,900 చూపించింది. పూర్తిగా దించి ఆర్వో క్యాన్ నీళ్లతో నింపి, పది నిమిషాలు తిప్పి, మళ్లీ దించాం. కడిగిన కొద్దీ 1,020, 300, 120. అక్కడ ఆపి కూలెంట్ పోశాం. రెండు నిండు క్యాన్లు ఇప్పుడు జనరేటర్ పక్కనే ఉంటాయి, వాటి మీద ‘ఇంజన్‌కు మాత్రమే’ అని రాశాం. అంటే లోపం కుర్రాడిలో కాదు, మంచినీళ్లు అక్కడ లేకపోవడంలో ఉంది.

చీటీలు మాత్రం ఆగిపోయాయి. ఒక్కటీ రాలేదు. బోర్డు చూస్తే అంతా బాగున్నట్టు ఉంటుంది. ఒక చెడిన ఫిల్టర్ కంటే ఇదే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది, ఎందుకంటే ఆ మధ్యలోనే ఒక ఏరేటర్ గేర్ బాక్సులో ఆయిల్ కారుతుండటం నేను చూశాను. వాళ్లూ చూశారు.

అణు రంగంలో ఇలాంటి మౌనానికి ఏం జరిగిందో మామకు చెప్పాను. త్రీ మైల్ ఐలాండ్ కంటే ఏడాదిన్నర ముందు, 1977 సెప్టెంబరులో, అదే కంపెనీ డిజైన్‌తో కట్టిన డేవిస్-బెస్సీ కేంద్రంలో అదే రకం రిలీఫ్ వాల్వు (ఒత్తిడి పెరిగితే వదిలేసేది) తెరుచుకుని మూసుకోలేదు. అక్కడి ఆపరేటర్లు గుర్తించి అడ్డ వాల్వు మూశారు, రియాక్టర్ కూడా తక్కువ పవర్ మీదే ఉంది, నష్టం జరగలేదు. ఆ అనుభవం త్రీ మైల్ ఐలాండ్ ఆపరేటర్లకు ఒక హెచ్చరికగా చేరలేదు. అక్కడ వాల్వు అలాగే తెరుచుకుని మూసుకోనప్పుడు వాళ్లు పోల్చుకోలేక కోర్‌లో (ఇంధనం ఉండే చోట) చాలా భాగం కరిగిపోయింది. 1979 చివర్లోనే అమెరికా అణు విద్యుత్ కంపెనీలన్నీ కలిసి అనుభవాలు పంచుకోవడానికి ఐఎన్‌పీఓ అనే సంస్థ పెట్టుకున్నాయి.

“మామా, వాడు చెప్పబట్టే మనకు తెలిసింది. చెప్పకపోయుంటే రేడియేటర్ చిల్లు పడి, ఇంజన్ వేడెక్కి ఆగినప్పుడు తెలిసేది. అదీ అర్ధరాత్రి, పంట మీద.”

మామ వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే అజాగ్రత్త పెరుగుతుందన్నాడు. ఆ మాటలో అర్థం ఉంది, అందుకే గీత ఎక్కడ గీయాలో కూర్చుని మాట్లాడుకున్నాం. చెప్పినదానికి శిక్ష ఉండదు. తాళం వేయకుండా గుంటలోకి దిగితే మాత్రం ఎవరైనా సరే ఆ రోజు పని ఆపాలి. మామ ఆ కుర్రాణ్ణి పిలిచి, “అబ్బయ్యా, నువ్వు చెప్పింది మంచిదే, జీతం కోసేది లేదు” అని మిగతా ముగ్గురూ వింటుండగానే చెప్పాడు.

దానికన్నా ఎక్కువ పనిచేసింది ఇంకొకటి: ప్రతి చీటీకీ ఏం చేశామో బోర్డు మీద రాయడం. చెయ్యలేకపోతే ఎందుకు చెయ్యలేకపోయామో రాయడం. గేర్ బాక్సు చీటీ వచ్చిన సాయంత్రమే సీలు మార్చాం. మరుసటి రోజు ఇంకో రెండు వచ్చాయి.

ఖర్చు: కూలెంట్, క్యాన్లు 1,900. మొత్తం: 45,410. చీటీలు: 29.

దశ 8: ఒకే కాలువ, తక్కువ దిమ్మె

1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైన్ బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్, ఆయిల్ అంటుకున్నాయి. మంటలు కేబుళ్ల వెంట పాకాయి. మామూలు కరెంటు కేబుళ్లూ, ఆపద కోసం పెట్టిన కేబుళ్లూ ఒకే దారిలో వెళ్తుండటంతో రెండూ పోయాయి. 17 గంటల పాటు కేంద్రం మొత్తానికి కరెంటు లేదు. ఆపరేటర్లు టార్చిలైట్లతో చీకట్లో పైకి ఎక్కి రియాక్టర్ మళ్లీ రాజుకోకుండా చేత్తో బోరాన్ ద్రావణం కలిపారు. డీజిల్‌తో నడిచే ఫైర్ పంపులతో, రియాక్టర్ వేడిని లాగే స్టీమ్ జనరేటర్లకు నీళ్లు పెట్టారు. రేడియేషన్ బయటికి రాలేదు. అయినా సున్నా నుంచి ఏడు వరకు ఉండే అంతర్జాతీయ స్కేలు మీద దానికి 3 ఇచ్చారు, ఎందుకంటే ఆ స్కేలు నష్టాన్నే కాకుండా ఇంకెన్ని అడ్డుగోడలు మిగిలాయో కూడా చూస్తుంది.

మా షెడ్డులో మెయిన్ కేబుల్, జనరేటర్ కేబుల్ ఒకే కాలువలో, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. జనరేటర్ కేబుల్‌ను అవతలి గోడ వెంట వేరే పైపులో తీసుకెళ్లాం. చీటీల మీద నాలుగో ప్రశ్న కూడా చేర్చాం, అది మా కోసం: ‘ఇది పోతే ఇంకేం మిగులుతుంది?’ ఏమీ మిగలదు అనే జవాబు వస్తే, ఎంత చిన్న లోపమైనా ఆ రోజే చెయ్యాలి. డీజిల్లో నీళ్లు, ఛేంజ్ఓవర్ స్విచ్ (మెయిన్ నుంచి జనరేటర్‌కు మార్చేది) పట్టేయడం ఈ లెక్కలో పడ్డాయి.

ఇక దిమ్మె. 2021 నవంబరు వరదల్లో పెన్నా నీళ్లు ఇటు వచ్చినప్పటి మరక షెడ్డు గోడ మీద ఇంకా ఉంది, నేల నుంచి 41 సెంటీమీటర్లు. జనరేటర్ దిమ్మె 15. ఫుకుషిమాలో 2011 మార్చి 11న సునామీ నీళ్లు కింది అంతస్తుల్లోని డీజిల్ జనరేటర్లనూ స్విచ్ బోర్డులనూ ముంచేశాయి. దిమ్మెను 75కి లేపుతున్నాం, ప్యానెల్‌ను దానికంటే పైన. బ్యాటరీ స్టాండు కూడా పైకి రావాలి, చాలామంది దాన్ని నేల మీదే వదిలేస్తారు.

ఖర్చు: దిమ్మె 18,500, కేబుల్ మార్పు 9,600. మొత్తం: 73,510.

ఇంకా మూయని చీటీలు

- 24: ట్యాంకు 100 లీటర్లు, అంటే ఏడున్నర గంటలు. తుపాను రోజుల్లో చాలదు. రెండో ట్యాంకు ఎక్కడ పెట్టాలో, నిప్పుకు ఎంత దూరంగా ఉండాలో తేల్చుకోవాలి.
- 27: ఛేంజ్ఓవర్ స్విచ్ హ్యాండిల్ గట్టిగా ఉంది. కొత్తది వచ్చేదాకా వారానికోసారి తిప్పి చూస్తున్నాం.
- 29: డీవో మీటరు ప్రోబ్ వేరే మీటరుతో పోలిస్తే 0.4 ఎక్కువ చూపిస్తోంది. దశ 1 అంకెల్లో ఆ తేడా ఉండొచ్చు. మీ గుంటకు మీ టైము మీరే కొలుచుకోండి, మీటరును ముందు సరిచూసుకుని.

దిమ్మె కాంక్రీటు ఆరాక ఇంజన్‌ను ఎక్కించి, కంపనం కొలిచి, మళ్లీ గంట లోడు పరీక్ష పెడతాం. అక్టోబరు దాటనివ్వం.